కొపెల్: నిండిపోయిన ఊళ్ళో ఇల్లు కొనేముందు

(సభకి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని ఎక్కించిన పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, ముందు వరసలో ఇంకా కుర్చీలున్నాయి. ఇవాళ మనం మాట్లాడుకునేది కొపెల్ గురించి. డాలస్ డౌన్‌టౌన్‌కి వాయవ్యంగా ఇరవై మైళ్ళు, ఎయిర్‌పోర్టుని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఈ చుట్టుపక్కల మనవాళ్ళెవరైనా ఇల్లు వెతకడం మొదలుపెడితే మొదటి వారంలోనే ఈ పేరు వినపడుతుంది. వినపడటం కూడా ఒక్కటే మాటతో: "అక్కడ బడులు బాగుంటాయట." ఆ మాట తప్పని నేననను. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆరేడు లక్షల డాలర్లు పెట్టేముందు ఈ ఊరి జనాభా లెక్క ఒకటి చూడండి.

1980లో ఇక్కడున్న జనం 3,826. 1990కి 16,881. 2000కి 35,958. ఇరవై ఏళ్ళలో తొమ్మిది రెట్లు! మరి ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలో? 2020 లెక్కల్లో 42,983. ఏడు వేలు పెరిగారు, అంతే. ఎందుకంటారు? జనానికి మోజు తీరిందా? లేదండీ, స్థలం అయిపోయింది. ఊరు మొత్తం కలిపి 15 చదరపు మైళ్ళు కూడా లేదు. ఉత్తరాన లూయిస్‌విల్, తూర్పున క్యారల్టన్, దక్షిణాన ఇర్వింగ్, డాలస్, పడమర గ్రేప్‌వైన్, ఎయిర్‌పోర్టు. ఎటు జరుగుతుంది? ఫ్రిస్కో లాగా, సెలైనా లాగా ఇంకో పొలం కలుపుకుందామంటే పొలమే లేదు. కొపెల్ నిండిపోయిన ఊరు. ఇళ్ళ వయసు, పన్నుల తీరు, బడి మూతపడటం, ఇవాళ చెప్పబోయేవన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

చరిత్ర రెండు ముక్కల్లో ముగిస్తాను, మీరొచ్చింది దానికోసం కాదని నాకు తెలుసు. రైలు స్టేషను పుణ్యాన పుట్టిన ఊరు. మొదట గిబ్స్ స్టేషన్ అనేవారు, 1892లో కొపెల్ అయింది. మునిసిపాలిటీగా ఏర్పడింది 1955లో. 1974లో డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టు తెరిచాక రాత మారిపోయింది. గ్రేప్‌వైన్ స్ప్రింగ్స్ అని ఒక చిన్న పార్కు ఉంది. టెక్సస్ ఇంకా సొంత దేశంగా ఉన్న రోజుల్లో, 1843లో, శామ్ హ్యూస్టన్ అక్కడ గుడారం వేసుకుని ఆదివాసీ పెద్దల కోసం ఎదురుచూశాడు. పిల్లల్ని తీసుకెళ్ళండి, బాగుంటుంది.

సరే, అసలు విషయానికొద్దాం. "కొపెల్‌లో ఇల్లు" అంటే ఏ కొపెల్? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఈ పేరుతో మూడు గీతలున్నాయి. ఒకటి పోస్టాఫీసు గీత, రెండోది నగరం గీత, మూడోది స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ, దాని గీత. మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

సైప్రస్ వాటర్స్ తీసుకోండి. చెరువు పక్కన అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు. చాలా ఆఫీసుల అడ్రసులో కొపెల్, 75019 అనే ఉంటుంది. కానీ ఆ నేల డాలస్ నగరానిది. పోలీసులు డాలస్ వాళ్ళు, నగర పన్ను డాలస్‌కి. పిల్లలు వెళ్ళేది మాత్రం కొపెల్ ఐఎస్‌డీ (కొపెల్ స్కూల్ డిస్ట్రిక్టు) బడికి. ఆ చెరువు ఒకప్పుడు కరెంటు ప్లాంటుని చల్లబరచడానికి తవ్వించింది, ఇప్పుడు బ్రోషర్లలో లేక్ వ్యూ అని వేస్తున్నారు, అది వేరే సంగతి. ఇంకొకటి, వ్యాలీ రాంచ్. అది ఇర్వింగ్, జిప్ 75063. అయినా అక్కడ చాలా ఇళ్ళు కొపెల్ ఐఎస్‌డీలోకి వస్తాయి. చాలా ఇళ్ళు అన్నాను, అన్నీ అనలేదు, వినండి. ఇక దీనికి తలకిందులుగా ఉన్నది రివర్‌చేజ్. ఊరు కొపెలే, అడ్రసు కొపెలే, నగర పన్ను కొపెల్‌కే కడతారు, బడి మాత్రం క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్టుది. ఉత్తరపు అంచున కొన్ని ఇళ్ళు లూయిస్‌విల్ ఐఎస్‌డీలో ఉన్నాయి. ఒక కొస డెంటన్ కౌంటీలోకి కూడా పోతుంది.

మరి ఎలా తేల్చుకోవాలి? ఇల్లు అమ్మే వెబ్‌సైటులో బడి పేరు చూసి నమ్మొద్దు. పన్ను కోసం ఇళ్ళకి విలువ కట్టే డాలస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్టు సైటులో అడ్రసు కొట్టండి. ఇంటి ఖాతా తెరుచుకుంటుంది. కిందికి వెళితే ఒక పట్టీ ఉంటుంది: నగరం, స్కూలు, కౌంటీ, కాలేజీ, ఆసుపత్రి. ఎవరెవరికి పన్ను పోతుందో అక్కడ వరసగా ఉంటుంది. స్కూలు గడిలో ఏ డిస్ట్రిక్టు ఉంటే మీ పిల్లలది ఆ డిస్ట్రిక్టు. ఆ తర్వాత ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్ అన్నది డిస్ట్రిక్టు సైటులో అడ్రసుతో విడిగా చూసుకోవాలి, ఎందుకంటే లోపలి హద్దులు బోర్డు మారుస్తూ ఉంటుంది. రెండు నిమిషాల పని. ఇల్లు చూడటానికి వెళ్ళేముందే చేయండి, నచ్చేశాక చేస్తే మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు నగరానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. ఇది ఇళ్ళ ఊరు అనుకుంటాం కదా, పడమటి పక్క ఫ్రీపోర్ట్ పార్క్‌వే వైపు ఎప్పుడైనా వెళ్ళారా? వరసగా గోదాములు. ఎయిర్‌పోర్టు పక్కన, విమానాల కింద ఇళ్ళు కట్టడం కంటే గోదాములు కట్టడం నయం. అక్కణ్ణుంచి వచ్చే సేల్స్ టాక్స్ ఈ ఊరికి ప్రాణం. మనం కొట్టులో కట్టే 8.25 శాతంలో 6.25 రాష్ట్రానికి పోతుంది, మిగతా 2 శాతం స్థానికం. డాలస్ ప్రాంతంలో రైళ్ళు, బస్సులు నడిపే సంస్థ డార్ట్. అందులో ఉన్న నగరాలు ఆ రెండిట్లో ఒక శాతం రైళ్ళకీ బస్సులకీ ఇచ్చేస్తాయి. కొపెల్ ఇవ్వదు. 1989లోనే డార్ట్ నుంచి బయటికొచ్చేసింది. ఆ ఒక శాతం రోడ్ల మరమ్మతుకీ, పోలీసులకీ, పార్కులకీ వాడుకుంటోంది. మీరు చూసి మురిసిపోయే పార్కుల వెనకా, రిక్రియేషన్ సెంటర్ వెనకా ఉన్న లెక్క ఇది. బస్సు లేకపోవడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

అయితే ఇందులో ఒక చిక్కొచ్చింది. ఆన్‌లైన్లో ఎవరో ఎక్కడో కూర్చుని ఆర్డర్ పెడతారు, సరుకు కొపెల్ గోదాములోంచి బయల్దేరుతుంది. స్థానిక పన్ను ఎవరిది? సరుకు బయల్దేరిన ఊరిదా, చేరిన ఊరిదా? ఎన్నో ఏళ్ళు బయల్దేరిన ఊరిదే అన్నట్టు నడిచింది. 2020లో రాష్ట్ర కంప్ట్రోలర్, అంటే పన్నులు చూసే అధికారి, నిబంధన మార్చి, ఇలాంటి ఆర్డర్లు చాలావాటికి చేరిన ఊరిదే అన్నారు. కొపెల్, రౌండ్ రాక్ లాంటి నగరాలు 2021లో కోర్టుకెక్కాయి. ఇది మనకెందుకంటారా? గోదాముల డబ్బు తగ్గితే ఆ గుంత పూడ్చాల్సింది ఎవరు? ఇళ్ళవాళ్ళే. కొత్త ఇళ్ళొచ్చి భారం పంచుకునే వీలు ఈ ఊళ్ళో లేదు కదా.

సరే, ఇంటి పన్ను. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, కాగితం పెన్నూ ఉంటే తీయండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ కసి అంతా ఇంటి మీద తీర్చుకుంటారు. కొపెల్ ఇంటికి నగరం, స్కూలు, కౌంటీ, పార్క్‌లాండ్ ఆసుపత్రి, డాలస్ కాలేజీ, ఈ అయిదూ కలిపితే రేటు 2 శాతం చుట్టూ ఉంటుంది. అందులో సగం దాకా స్కూలుదే. ఒక ఊరట ఏమిటంటే, ఉత్తరాన కొత్తగా లేచే చాలా కాలనీల్లో ఉండే మడ్, పిడ్ అనే అదనపు వడ్డన ఇక్కడ దాదాపు ఉండదు. నీళ్ళ పైపులు, రోడ్లు వేసిన అప్పు తీర్చడానికి కొత్త కాలనీల ఇళ్ళమీద వేసే వడ్డన అది.

ఇప్పుడు ఎక్కువమంది దెబ్బతినే చోటు చెప్తాను. లిస్టింగులో "గత ఏడాది పన్ను ఇంత" అని ఉంటుంది. ఆ పన్ను ఎవరిది? అమ్మేవాళ్ళది, మీది కాదు. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ అనే పన్ను మినహాయింపు ఉంటే, పన్ను లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. పదేళ్ళుగా ఉన్నవాళ్ళకి మార్కెట్ విలువ 7 లక్షలైనా పన్ను వేసే విలువ 5.5 లక్షల దగ్గరే ఆగి ఉండొచ్చు. మీరు కొన్నారు. వచ్చే జనవరి 1కి ఆ పరిమితి ఎగిరిపోతుంది, 7 లక్షల మీద లెక్క మొదలవుతుంది. తేడా లక్షన్నర, 2 శాతం చొప్పున ఏడాదికి 3,000 డాలర్లు. నెలకి 250 కదా, భరిద్దాం అనుకుంటారు. అక్కడితో ఆగదు! బ్యాంకువాళ్ళు మొదటి ఏడాది ఎస్క్రో, అంటే పన్ను కోసం కిస్తీతో కలిపి నెలనెలా తీసుకునే డబ్బు, పాత పన్ను చూసి కట్టించుకుని ఉంటారు. అసలు బిల్లు వచ్చాక ఆ 3,000 తక్కువ పడుతుంది. దాన్ని పన్నెండు నెలలకి పంచి వసూలు చేస్తారు, అదో 250. కొత్త పన్నుకి సరిపడా ఇంకో 250. నెల కిస్తీ ఒక్కసారిగా 500 పెరుగుతుంది. వడ్డీ మారలేదు, అప్పు మారలేదు, కిస్తీ ఎందుకు పెరిగిందో అర్థం కాక మనవాళ్ళు బ్యాంకుకి ఫోన్లు చేస్తుంటారు. కాబట్టి కొనేటప్పుడే, మీరు పెట్టబోయే ధరని పూర్తి రేటుతో గుణించుకోండి. అది తట్టుకోగలిగితేనే ముందుకెళ్ళండి.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు మాత్రం చేరగానే పెట్టేయండి. స్కూలు పన్నులో మినహాయింపు 2023లో 40,000 నుంచి లక్షకి పెరిగింది, 2025లో 1,40,000 అయింది. అంటే స్కూలు పన్నులోనే ఏడాదికి దాదాపు 1,400 డాలర్లు మిగులు. దీనికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు, గ్రీన్ కార్డూ అక్కర్లేదు. ఇల్లు మీ పేర ఉండాలి, మీరు అందులో ఉండాలి, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే అడ్రసు ఉండాలి. దరఖాస్తులు వెనక్కొచ్చేది ఎక్కువగా ఈ లైసెన్సు దగ్గరే, పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంటే పనికిరాదు. దరఖాస్తుకి ఫీజు లేదు. ఇల్లు కొన్న నెలలోనే "మేం చేసిపెడతాం, ఇంత పంపండి" అని ప్రభుత్వ కాగితంలా కనపడే ఉత్తరాలొస్తాయి. చెత్తబుట్టలో వేయండి.

ఇక అప్రైజల్ డిస్ట్రిక్టు కట్టిన విలువ మీద అభ్యంతరం. గడువు మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది. రెండు కారణాలుంటాయి: మార్కెట్ విలువ ఎక్కువ వేశారు అన్నది ఒకటి, పక్క ఇళ్ళతో పోలిస్తే అసమానంగా వేశారు అన్నది రెండోది. రెండూ టిక్ పెట్టండి. ఒకటే పెట్టి, రెండోదాని మీద వాదిస్తానంటే వినరు. టెక్సస్‌లో అమ్మిన ధరలు బయటికి చెప్పాలన్న చట్టం లేదు, కాబట్టి పక్కింటి అమ్మకం ధర మీకు దొరకదు. మీ రియల్టర్ని అడిగితే తీసిస్తారు. జనవరి 1కి దగ్గరి అమ్మకాలే తీసుకోండి. పునాది పగుళ్ళ ఫొటోలు, మరమ్మతుకి తీసుకున్న కొటేషన్లు జతచేయండి. "మా ఆదాయం పెరగలేదండీ" అన్నది అక్కడ వాదన కాదు. ఇంకో మెలిక: మీకు 10 శాతం పరిమితి ఉండి, పన్ను వేసే విలువ ఇప్పటికే మార్కెట్ విలువకి బాగా కింద ఉంటే, మార్కెట్ విలువని కొంచెం తగ్గించుకున్నా ఆ ఏడాది పన్ను పైసా తగ్గదు. ముందు ఆ రెండు అంకెలూ చూసుకుని తర్వాత శ్రమపడండి. బిల్లు జనవరి 31 లోపు కట్టాలి.

ఇక బడులు. బాగుంటాయి, నిజమే. కానీ పిల్లలు తగ్గుతున్నారు. ఆశ్చర్యంగా ఉందా? ఇల్లు ఖరీదు, చిన్న పిల్లలున్న కుర్ర జంటలు కొనలేరు. పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేయరు, పన్ను పరిమితి వాళ్ళకి కలిసొస్తోంది. కొత్త ఇళ్ళు రావు. మరి ఒకటో తరగతిలోకి ఎవరొస్తారు? రాష్ట్రం డబ్బు ఇచ్చేది పిల్లల లెక్కన. తలకి 6,160 డాలర్లన్న మూల మొత్తం 2019 నుంచి కదల్లేదు, 2025లో 55 డాలర్లు కలిపారు. యాభై అయిదు! పైగా ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టు కాబట్టి ఇక్కడ వసూలైన దాంట్లో కొంత రాబిన్ హుడ్ పద్ధతి కింద రాష్ట్రానికి తిరిగి కట్టాలి. ఈ లెక్కలు కుదరకే పింకర్‌టన్ ఎలిమెంటరీ మూసేయాలని 2024లో బోర్డు తీర్మానించింది. ఆ బడి కోసమని నడిచివెళ్ళే దూరంలో ఇల్లు కొన్నవాళ్ళ సంగతి ఆలోచించండి. అందుకే డిస్ట్రిక్టుని చూసి కొనండి, ఒక్క భవనాన్ని చూసి కొనకండి.

ఇప్పుడు ఇల్లు. ఇందాక చెప్పిన జనాభా లెక్క గుర్తుందా? ఈ ఊరి ఇళ్ళలో ఎక్కువ భాగం 1980 నుంచి 2000 మధ్య కట్టినవి. అంటే పాతికేళ్ళ నుంచి నలభై అయిదేళ్ళ ఇళ్ళు. గ్రానైట్ కొత్తగా వేసి, గోడలకి తెల్లరంగు కొట్టి చూపిస్తారు. మీరు కింద చూడండి.

కింద ఏముంది? బంకమన్ను. మన నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద కాంక్రీటు పలక, పలక మీద ఇల్లు. మన్ను ఒక పక్క తడిగా, ఒక పక్క పొడిగా ఉంటే పలక వంగుతుంది. గుర్తులు ఇవి: తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు, బయటి ఇటుకల్లో మెట్లు మెట్లుగా పోయే పగులు, గొళ్ళెం పడని పడకగది తలుపు, గరాజు తలుపు చట్రానికీ ఇటుకకీ మధ్య సందు. వెంట్రుకంత పగుళ్ళకి భయపడకండి, అవి లేని ఇల్లు ఇక్కడ దొరకదు. పావు అంగుళం దాటితే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. ఇంజినీరుని అంటున్నాను, పునాది మరమ్మతు కంపెనీని కాదు. వాళ్ళు ఉచితంగా వచ్చి చూస్తారు, చూసి పియర్స్, అంటే పలకని కింద నుంచి మోసే స్తంభాలు, వేయాలనే అంటారు.

ఇదివరకే పియర్స్ వేసిన ఇల్లయితే మూడు కాగితాలు అడగండి: ఎక్కడెక్కడ వేశారో ప్లాన్, వారంటీ, పని అయ్యాక డ్రెయిన్ పైపులు కారుతున్నాయేమోనని ప్లంబర్ చేసిన హైడ్రోస్టాటిక్ పరీక్ష రిపోర్టు. ఈ మూడోది ఎందుకు? డ్రెయిన్ పైపులు పలక కిందే ఉంటాయి. పలకని జాకీతో లేపినప్పుడు పైపు విరగొచ్చు. విరిగితే కిందకి నీళ్ళు కారి, మన్ను ఉబ్బి, బాగుచేసిన పునాది మళ్ళీ చెడుతుంది. వారంటీని కొనగానే మీ పేరుకి మార్పించుకోండి, కొన్ని కంపెనీలు దానికి గడువు పెడతాయి.

కొన్నాక చేయాల్సింది: ఎండాకాలంలో పునాదికి 12 నుంచి 18 అంగుళాల దూరంలో సోకర్ హోస్ (పొడుగునా నీళ్ళు ఊరే పైపు) ఇంటి చుట్టూ పరిచి, మన్ను సమానంగా చెమ్మగా ఉండేలా నీళ్ళు పెట్టండి. ఆగస్టులో మన్ను గోడని వదిలి సందు పడితే ఆ సందులోకి నేరుగా పైపు పెట్టి నింపొద్దు, నీళ్ళు పలక కిందికి పోతాయి. గోడ దగ్గర నేల బయటికి వాలి ఉండాలి, మొదటి పది అడుగుల్లో ఆరంగుళాల వాలు. పూలమడి పేరు చెప్పి గోడ పక్కన గట్టు కట్టి నీళ్ళు నిలబెట్టకండి.

పైన ఏముంది? కప్పు, దాని మీదికి వడగళ్ళు. ఇన్సూరెన్స్ కాగితంలో విండ్ అండ్ హెయిల్ డిడక్టిబుల్, అంటే గాలి, వడగళ్ళ నష్టంలో మీరు భరించాల్సిన వాటా, ఎంతుందో చదవండి. అది సాధారణంగా డాలర్లలో కాకుండా ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది. 5 లక్షల బీమాకి 1 శాతమైతే మీ చేతిది 5,000, 2 శాతమైతే 10,000. వడగళ్ళు పడ్డ మర్నాడే తలుపు కొట్టి "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం సార్" అనేవాళ్ళొస్తారు. 2019 నుంచి టెక్సస్‌లో అది చట్టరీత్యా నేరం. అలాగే కప్పు పాతదైతే చాలా కంపెనీలు కొత్తదాని ఖర్చు ఇవ్వవు, అరుగుదల తీసేసిన విలువే ఇస్తాయి. ఏ రకం పాలసీయో ముందే అడగండి.

పైపులు. 1978 నుంచి 1995 మధ్య కట్టిన కొన్ని ఇళ్ళలో బూడిద రంగు పాలీబ్యుటలీన్ పైపులు వేశారు. నీళ్ళ హీటరు దగ్గర, గోడలోంచి పైపు బయటికొచ్చేచోట చూడండి, పీబీ 2110 అని అచ్చు కనపడుతుంది. కనపడితే మొత్తం మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి, ఎందుకంటే కొన్ని బీమా కంపెనీలు అసలు పాలసీయే ఇవ్వవు. చాలా ఇళ్ళలో హీటరు అటకమీద ఉంటుంది. 2021 ఫిబ్రవరి చలికి పైపులు పగిలి సీలింగులు కూలింది అందుకే. రోడ్డు అంచున మీటరు పెట్టెలో మెయిన్ వాల్వు ఎక్కడుందో, దాన్ని తిప్పే తాళం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇవన్నీ ఎప్పుడు చూడాలి? ఆప్షన్ పీరియడ్‌లో, అంటే కాంట్రాక్టు కుదిరాక వెనక్కి తగ్గే హక్కున్న రోజుల్లో. కాంట్రాక్టు కుదిరిన మూడు రోజుల్లోపు ఆప్షన్ ఫీజు చేరాలి, చేరకపోతే ఆ హక్కే ఉండదు. సాధారణంగా అయిదు నుంచి పది రోజులు దొరుకుతాయి, ఏ కారణంతోనైనా వెనక్కి తగ్గొచ్చు. మొదటి రెండు రోజుల్లో మామూలు ఇన్‌స్పెక్షన్ పెట్టుకోండి. అప్పుడే ఇంజినీరుకీ, ప్లంబరుకీ టైము మిగులుతుంది.

విమానాల మోత అడుగుతున్నారు. రన్‌వేలు ఎక్కువ భాగం ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. ఇక్కడ ఎక్కువ రోజులు దక్షిణపు గాలి, విమానాలు గాలికి ఎదురు దిగుతాయి, కాబట్టి ఉత్తరం నుంచి, ఊరి పడమటి పక్క మీదుగా దిగుతాయి. తూర్పున మెకార్థర్ రోడ్డు వైపు తక్కువ. మధ్యాహ్నం ఓసారి, రాత్రి పదింటికి ఓసారి ఇంటి ముందు కారాపి వినండి. డెంటన్ క్రీక్ వాగు, ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ దగ్గరి ఇళ్ళకి ఫీమా (కేంద్ర విపత్తుల సంస్థ) వరద మ్యాపు చూడండి, మామూలు ఇంటి బీమాలో వరద కలిసి ఉండదు.

చివర్లో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న: రైలొచ్చింది కదా, కారు లేకుండా బతకొచ్చా? సిల్వర్ లైన్ 2025 అక్టోబరులో మొదలైంది. ప్లేనో షైలో రోడ్డు నుంచి ఎయిర్‌పోర్టు టెర్మినల్ బీ దాకా 26 మైళ్ళు, పది స్టేషన్లు. తమాషా ఏమిటంటే, కొపెల్‌ని పుట్టించిన ఆ పాత కాటన్ బెల్ట్ దారిలోనే, ఊళ్ళోంచే వెళ్తుంది, ఊళ్ళో మాత్రం ఆగదు. డార్ట్‌లో లేరు కదా, స్టేషను లేదు. దగ్గరిది సైప్రస్ వాటర్స్, డాలస్ నేల మీద ఉంది. యూటీ డాలస్‌లో చదివే పిల్లలకి మంచి దారి, ఆ పేరుతో స్టేషనే ఉంది. డౌన్‌టౌన్ ఉద్యోగమైతే క్యారల్టన్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి. కానీ ఇంటి నుంచి స్టేషనుకి వెళ్ళడానికి కొపెల్‌లో డార్ట్ బస్సు లేదమ్మా. ఎవరో ఒకరు దింపాలి, లేదా సైకిలు. ఇంట్లో ఒక కారుతో సరిపెట్టుకోవచ్చు, అసలు లేకుండా అయితే కుదరదు.